లెన్స్ కొనే ముందు కొలత టేపు తీయండి

నలభై దాటిన ఆడవాళ్ళకి చత్వారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సూదిలో దారం ఎక్కించి పెట్టమని పిల్లల్ని బతిమాలుకోవడం, బియ్యంలో రాళ్ళు ఏరాలంటే చేట పట్టుకుని గుమ్మంలోకి రావడం, మందు సీసా మీద తేదీ చదవాలంటే చెయ్యి బారుగా చాచి పట్టుకోవడం... ఇవన్నీ ఇంటింటా ఉన్నవే కదా! వయసుతో పాటు కంటిలోని కటకం గట్టిపడిపోయి, దగ్గరి వస్తువుల కోసం తన ఆకారం మార్చుకోలేకపోతుంది. అంతే, అదేం రోగం కాదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, కెమెరాలకి పుట్టుకతోనే చత్వారం ఉంటుందండీ. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కెమెరాతో పాటు ఇచ్చే మామూలు లెన్స్‌ని మందార మొగ్గ దగ్గరికి తీసుకెళ్ళి చూడండి. ఒక హద్దు దాటగానే బొమ్మ మసకబారిపోతుంది. దగ్గరి చూపు కోసం మనం కళ్ళజోడు పెట్టుకున్నట్టు, కెమెరాకి పెట్టే దగ్గరి చూపు లెన్స్ పేరే మాక్రో లెన్స్.

నేను ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసి, పాతికేళ్ళుగా వంటిల్లూ కుట్టుమిషనూ చూసుకుంటున్నదాన్ని. మాది రాజమండ్రి. కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి మా డాబా మీద మొక్కలకి కొదవ లేదు. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో ఉండగా కొనుక్కున్న నికాన్ కెమెరా, వాడు ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాక బీరువాలో పడి ఉంది. మొక్కల మీద వాలే పురుగుల్నీ, సీతాకోక చిలకల్నీ దాంతో ఫొటోలు తీయాలని నాకు సరదా పుట్టింది. చీటీ పాడితే చేతికొచ్చిన డబ్బు ఉంది. జాకెట్లు కుట్టి కూడబెట్టినది, ఎవర్నీ అడగక్కర్లేనిది.

"ఆ డబ్బుకి కాస్త బంగారం కొనుక్కోవచ్చుగా, ఈ అద్దం ముక్క ఎందుకు?" అన్నారు మావారు. ఆయన అడిగిందీ న్యాయమే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ డబ్బు అంటే ఎప్పుడో ఆపదకి పనికొచ్చేదిగానే చూస్తారు, మనమూ అలాగే చూస్తాం. తన సరదా కోసం ఒక వస్తువు కొనుక్కోవాలంటే ఆడది నలుగురికి లెక్క చెప్పుకోవాలి. సరే, లెక్కే చెబుదాం అనుకున్నాను. ఏ లెన్స్, ఎందుకు, దేనికి అని రాసుకుని కూర్చున్నాను. ఆ లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చేతిలో ఉన్నది చూడండి

అందరికీ లెన్స్ కొనే అవసరం ఉండదు. మీరు తీయాలనుకునేది ఇడ్లీ ప్లేటూ, ముగ్గూ, మగ్గం పని చేసిన జాకెట్టూ అయితే ఇప్పటి సెల్‌ఫోన్ చాలు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో మొదలుకుని, ఖరీదైన కొన్ని ఫోన్లు రెండు సెంటీమీటర్ల దగ్గర్నుంచి కూడా ఫొటో తీస్తున్నాయి. బంగారు నగ మీద ఆరు అక్షరాలూ అంకెలూ కలిపి హెచ్‌యూఐడీ నంబరు వేస్తారు చూడండి, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే అది తప్పనిసరి. మన చత్వారపు కళ్ళకి అది చీమ కాళ్ళలా ఉంటుంది. అలాంటిది ఫోన్‌తో తీసుకుని పెద్దది చేసి చదువుకోవచ్చు.

అయితే రెండు సెంటీమీటర్ల దూరానికి వెళ్తే కదలకుండా కూర్చునేది నగే గానీ, పురుగు కాదు. పైగా ఫోన్ నీడ వస్తువు మీదే పడుతుంది. అక్కడి నుంచే కెమెరా, లెన్స్ గొడవ మొదలవుతుంది.

మొదటి కొలత - వస్తువు ఎంత?

మాక్రో లెన్స్ గురించి మాట్లాడేటప్పుడు 1:1 అనే మాట వినబడుతుంది. భయపడకండి. కెమెరా లోపల బొమ్మ పడే చోటుని సెన్సర్ అంటారు. వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ కూడా సరిగ్గా అంతే పడితే అది 1:1. సగం పడితే 1:2. మామూలు లెన్స్‌లు ఎంత దగ్గరికి వెళ్ళినా దాదాపు మూడో వంతు దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు ఒక పది రూపాయల బిళ్ళ తీసుకోండి. దాని అడ్డకొలత 27 మి.మీ. పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాలో సెన్సర్ 36 మి.మీ. పొడుగు, 24 మి.మీ. ఎత్తు ఉంటుంది. 1:1 లో తీస్తే బిళ్ళ పైనా కిందా అంచులు కోసుకుపోతాయి. మా అబ్బాయి కెమెరా లాంటి చిన్న సెన్సర్ వాటిలో అది సుమారు 24 × 16 మి.మీ. మాత్రమే, కాబట్టి బిళ్ళ ఏ వైపూ పట్టదు. దాన్నే మీరు 24 సెంటీమీటర్ల పొడుగు ఫొటోగా వేయించుకుంటే, బిళ్ళ మీద అంకె పదింతలై కనిపిస్తుంది. చిన్న సెన్సర్ అని నామోషీ పడక్కర్లేదు, చిన్న వస్తువుల విషయంలో అదే మనకి కలిసొస్తుంది.

అందుకే నేను ముందు జాకెట్లు కొలిచే టేపు పట్టుకుని డాబా ఎక్కాను. పాల పద్దు రాసే పుస్తకంలో ఒక పేజీ దీనికి కేటాయించాను. కరివేపాకు మీద సీతాకోక చిలక పెట్టే గుడ్డు ఆవగింజంత. దాన్నుంచి వచ్చిన గొంగళిపురుగు మొదట పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చ రంగులోకి మారి చిటికెన వేలంత అవుతుంది. అక్షింతల పురుగు కందిబద్దంత. పువ్వు, చిలక లాంటివే మీకు కావాలంటే 1:2 లెన్స్ కూడా సరిపోతుంది. గుడ్డూ, పురుగు కళ్ళూ కావాలంటే 1:1 తప్పదు. నాకు గుడ్డే కావాలి మరి.

రెండో కొలత - అది మనల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది?

అసలు కీలకం ఇక్కడుందండీ. మాక్రో లెన్స్‌లు 40, 60, 90, 100, 105, 180, 200 అని రకరకాల మిల్లీమీటర్ల నంబర్లతో వస్తాయి. నంబరు పెద్దదైతే వస్తువు పెద్దగా వస్తుందనుకుంటారు చాలామంది. కాదు. 1:1 లెన్స్ ఏదైనా సరే, వస్తువు అంతే సైజులో వస్తుంది. మారేది మనకీ పురుగుకీ మధ్య ఉండే ఎడం.

ఆ ఎడాన్ని మన చేతి కొలతల్లో చెబుతాను. 40 మి.మీ. లెన్స్‌తో 1:1 తీయాలంటే లెన్స్ మూతికీ వస్తువుకీ మధ్య రెండు వేళ్ళ వెడల్పే మిగులుతుంది. 60 అయితే మూడు వేళ్ళు. 90 నుంచి 105 దాకా అయితే బెత్తెడున్నర, రెండు బెత్తెలు, అంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు. 180, 200 అయితే జానెడు పైనే. కాగితాల మీద కంపెనీ వాళ్ళు రాసే దూరం చూసి మోసపోకండి. అది లెన్స్ మూతి నుంచి కాదు, కెమెరా లోపలి సెన్సర్ నుంచి లెక్కపెట్టినది. 30 సెంటీమీటర్లని రాసినా, అందులో సగం పైగా కెమెరా, లెన్స్ పొడుగే మింగేస్తాయి.

నగలకీ, కుట్టు పనికీ, విత్తనాలకీ, కదలని పువ్వులకీ 40 గానీ 60 గానీ హాయిగా సరిపోతాయి. తేలిక, ఖరీదూ తక్కువ. చిరాకు పడి ఎగిరిపోయే వాటికి 90 పైమాటే. 180, 200 లు ఇంకా దూరం ఇస్తాయి గానీ బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. స్టాండు లేకుండా మన చేతులకి కష్టం.

ఈ కొలత కూడా డాబా మీద తీసుకున్నాను. కెమెరా లేకుండా ఉట్టి పిడికిలి ముందుకి చాపి, మెల్లగా దగ్గరికి వెళ్ళి చూశాను. గొంగళిపురుగు ముట్టుకున్నా కదల్లేదు, మరీ విసిగిస్తే నెత్తి మీద నుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటికి తీసి వాసన కొట్టింది. అక్షింతల పురుగు బెత్తెడు దూరంలో ఎగిరిపోయింది. గెంతే సాలీడు మాత్రం పారిపోలేదు. నా పిడికిలి వైపు తిరిగి, నిటారుగా నిలబడి చూసింది! సీతాకోక చిలక మధ్యాహ్నం వేళ దగ్గరికే రానివ్వలేదు. అదే తెల్లవారుజామున మంచుకి రెక్కలు తడిసి ఉంటే బెత్తెడు దూరంలో కూడా అలాగే కూర్చుంది. వారం రోజులు రాసుకున్నాక నాకు 90, 105 మధ్యలో ఏదైనా సరే అని తేలిపోయింది.

కొట్లో

మా ఆడపడుచు వాళ్ళింటికి హైదరాబాదు వెళ్ళినప్పుడు, మేనల్లుణ్ణి తోడు తీసుకుని కోఠీలో కెమెరా కొట్లు తిరిగాను. ఒక కొట్లో అబ్బాయి నేను అడిగిన ప్రతిదానికీ మావాడి వైపు తిరిగి జవాబు చెబుతున్నాడు! "ఆంటీకి ఇది చాలు సార్, మాక్రో కూడా ఉంది" అంటూ ఒక జూమ్ లెన్స్ తీశాడు. నిజమే, దాని మీద మాక్రో అని రాసి ఉంది. "బాబూ, వన్ ఈజ్ టు వన్ వస్తుందా? వస్తే లెన్స్ మూతి ముందు ఎన్ని సెంటీమీటర్లు మిగులుతుంది?" అని అడిగాను. ఆ పిల్లవాడు ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళి వాళ్ళ ఓనరుని పిలుచుకొచ్చాడు. అప్పటి నుంచి మాటలన్నీ నాతోనే.

మీరూ ఇది గుర్తుపెట్టుకోండి. మాక్రో అని రాసి ఉన్న జూమ్ లెన్స్‌లు చాలావాటిలో నాలుగో వంతో, మూడో వంతో, మహా అయితే సగమో వస్తుంది. అవి చెడ్డవని కాదు, కానీ మనం అడిగింది అవి కావు. నికాన్ వాళ్ళు మాక్రో అనరు, మైక్రో అంటారు, అదీ ఇదీ ఒకటే. 1956లో వాళ్ళు తెచ్చిన మొదటి మైక్రో లెన్స్ మైక్రోఫిల్మ్ మీదకి కాగితాలు ఎక్కించడం కోసం చేసినది. చిక్కగా ఉండే జపాను అక్షరాలు అంత చిన్న బొమ్మలో కూడా చెదరకూడదు కదా! అంతకు ఏడాది ముందే, 1955లో, కిల్‌ఫిట్ అనే కంపెనీ మాక్రో కిలార్ లెన్స్ తెచ్చింది.

ఇంకో సంగతి. నికాన్ లెన్స్ కెనాన్‌కి పట్టదు, ఒక కంపెనీ కుక్కర్ మూత ఇంకో దానికి పట్టనట్టే. నికాన్‌లోనే 3000, 5000 వరస కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. లెన్స్‌లోనే మోటారు ఉండాలి, లేకపోతే చేత్తో తిప్పుకోవాలి. అడిగి తీసుకోండి. లెన్స్‌ని మీ కెమెరాకి బిగించి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

పాతది కొంటే తప్పేమీ లేదు. చాలామంది అద్దం లేని కొత్త రకం కెమెరాలకి మారిపోవడంతో పాత రకం లెన్స్‌లు బాగా దొరుకుతున్నాయి. టామ్రాన్ వాళ్ళ 90 మి.మీ. మాక్రో 1979 నుంచీ ఉంది. ఆ మొదటిది సగం సైజు వరకే, తర్వాత వచ్చినవి 1:1. పాతవాటిలో రెండూ కనబడతాయి కాబట్టి చూసుకోవాలి. పాత లెన్స్ వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు, మన కోస్తా తేమకి ఇట్టే పడుతుంది. ముట్టుకోకుండా వచ్చేయండి. నేను తీసుకున్నది కూడా పాత 90 మి.మీ. లెన్సే. నా చీటీ డబ్బులోనే సరిపోయి, దారి ఖర్చులకీ మిగిలింది. ఇంట్లో గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను. ఊరగాయకి తడి తగలకూడదన్నట్టే దీనికీను.

డబ్బు పెట్టకుండా దారులు

కొనే స్తోమత ఇప్పుడు లేదనుకోండి. 50 మి.మీ. మామూలు లెన్స్ ఉంటే, దానికీ కెమెరాకీ మధ్య ఉత్త గొట్టాలు బిగిస్తారు. లోపల అద్దాలేమీ ఉండవు. లెక్క చాలా తేలిక. 50 లెన్స్ వెనక 25 మి.మీ. గొట్టం పెడితే సగం సైజు, 50 పెడితే 1:1. లేదంటే లెన్స్ ముందు భూతద్దం లాంటి క్లోజప్ ఫిల్టరు తగిలించుకోవచ్చు. అదే లెన్స్‌ని తిరగేసి బిగించే రింగు కూడా దొరుకుతుంది, అన్నిటికన్నా చవక. కాకపోతే తిరగేస్తే లెన్స్‌కీ కెమెరాకీ మాటలుండవు, అన్నీ మనమే చేత్తో చూసుకోవాలి. పైగా ఈ పద్ధతులన్నిటిలో పురుగుకి బాగా దగ్గరికి వెళ్ళాలి. ఈ సరదా మనకి నిలబడుతుందో లేదో తేల్చుకోవడానికి మాత్రం ఇవి మంచి మార్గం.

మూడో కొలత - మన చెయ్యి, మన కన్ను

1:1 లో ఎఫ్ 8 దగ్గర పెట్టి తీస్తే, స్పష్టంగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు మందమే. సాలీడు కళ్ళు బాగుంటే కాళ్ళు మసక. ఎఫ్ 16 పెడితే రెండు మిల్లీమీటర్లు. ఇంకా పెంచుకుంటూ పోతే బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. దానికి తోడు అంత దగ్గర్లో సెన్సర్‌కి అందే వెలుతురు నాలుగో వంతుకి తగ్గిపోతుంది. అందుకే ఎండ బాగా ఉన్నప్పుడు వెనక వైపు ఒక తెల్లటి థర్మాకోల్ ముక్క నిలబెడతాను. ఫ్లాష్ వాడితే ముందు బటర్ పేపరు అడ్డం పెడతాను, వెలుగు మెత్తగా పడుతుంది.

ఫోకస్ చక్రాన్ని 1:1 దగ్గర ఉంచేసి, మనమే ఊపిరి బిగబట్టి ముందుకీ వెనక్కీ జొన్నగింజంత ఊగుతూ కళ్ళు స్పష్టం కాగానే నొక్కాలి. ఇరవై తీస్తే రెండు బాగుంటాయి. చేతి వణుకుని అదుపు చేసే లెన్స్‌లు ఉన్నాయి గానీ, బాగా దగ్గరికి వెళ్ళేసరికి వాటి సాయం తగ్గిపోతుంది. ఉంటే మంచిదే, దానికోసం అప్పు చేయక్కర్లేదు.

చత్వారం వాళ్ళకి ఒక శుభవార్త. కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ పక్కన చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పి మన చూపుకి తగినట్టు సరిచేసుకోవచ్చు. చాలామందికి కళ్ళజోడు తీసేసి కూడా అక్షరాలు స్పష్టంగా కనబడతాయి. పాత కెమెరా చేతికి రాగానే మీరు మొదట చేయాల్సిన పని ఇదే.

మందార మొక్క సంగతి

లెన్స్ వచ్చిన రెండు నెలలకి మా మందారానికి పిండినల్లి పట్టింది. దేవుడికి రోజూ పది పువ్వులిచ్చే చెట్టు. కొమ్మలన్నీ సున్నం చల్లినట్టు తెల్లబడ్డాయి. మావారు ఆదివారం పూట మందు కొట్టేద్దామని సీసా కూడా తెచ్చి పెట్టారు. ఆ పొద్దున నేను ఫొటో తీసి కంప్యూటర్లో చూద్దును కదా, ఆ తెల్లటి పిండిలో రెండు రకాలు ఉన్నాయి! ఒకటి కదలకుండా అతుక్కున్న చిన్న పురుగు. ఇంకోటి దానికన్నా పెద్దది, ఒంటి నిండా మైనం పోగులు, కింద గట్టి కాళ్ళు. అది మొదటిదాన్ని తింటోంది. పక్క వీధిలో వ్యవసాయ శాఖలో పనిచేసే ఆయనకి చూపిస్తే, "అమ్మా, ఇది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లిని తినడానికే పుట్టింది. మందు కొట్టకండి, ముందు ఇదే చస్తుంది" అన్నారు.

మావారు ఆ ఫొటో వైపు చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. సీసా మూత తీయకుండానే తీసుకెళ్ళి కొట్లో తిరిగి ఇచ్చేసి వచ్చారు. మూడు వారాలకి చెట్టు తేరుకుంది. ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే "ఇవాళ ఏం దొరికింది?" అని అడుగుతున్నారు. బంగారం మాట మళ్ళీ రాలేదు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, ఎవరో ఖరీదైనది కొన్నారని మీరూ కొనకండి. కొట్టువాడు చవకగా ఇస్తానన్నాడనీ కొనకండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసుకుని గిన్నె కొనేదాన్ని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇదీ అంతే. మీరు తీయాలనుకున్నది ఎంతుంది, మిమ్మల్ని ఎంత దగ్గరికి రానిస్తుంది, మీ చెయ్యి ఎంత బరువు మోస్తుంది... ఈ మూడూ ఒక వారం పాటు రాసుకోండి. ఏ నంబరు లెన్స్ కావాలో ఆ కాగితమే చెబుతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే కొట్లో అయినా, ఇంట్లో అయినా మీ మాటకి విలువ ఉంటుంది.

ఆరుద్ర కార్తె వచ్చి తొలి వాన పడగానే నేల మీద ఎర్రటి మఖ్మల్ ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అవి నెమ్మదిగా నడుస్తాయి, ఎగరవు, కొత్తవాళ్ళకి వాటికన్నా మంచి గురువులు లేరు. ఈలోగా టేపు తీసి మీ కరివేపాకు మొక్క దగ్గరికి వెళ్ళి, ఆకు తిరగేసి చూడండి. ఆవగింజంత గుడ్డు ఒకటి మీ కోసం ఉండే ఉంటుంది.